క్యాంటీన్ గోడ సూత్రానికి బారువ వ్యాఖ్య

మూలం: అన్నము పారవేయరాదు. ప్లాస్టిక్ కప్పు అడుగరాదు. ఇట్లు, యాజమాన్యం.

అవతారిక: ఒకానొక విశ్వవిద్యాలయ క్యాంటీన్‌లో, చేతులు కడుక్కునే కుళాయి పైన, చెమ్మగిల్లిన గోడ మీద వెలసిన సూత్రమిది. శ్రీకాకుళం తీరాన ఉన్న మా బారువ పిల్లలు చదువుకు పోయిన చోటల్లా ఇలాంటిదొకటి ఎదురవుతుంది గనుక వ్యాఖ్య అవసరమైంది. మూలంలో లేనిది రాయనన్న వ్యాఖ్యాత మల్లినాథసూరి మెతుకుసీమ (మెదక్) వాడు, మెతుకు విషయంలో ఆయన మాట తీసెయ్యలేం. కాని ఈ సూత్రంలో ఉన్నదానికన్నా లేనిదే ఎక్కువ.

ప్రతిపదార్థం: అన్నము = ఎందరొస్తారో అడక్కుండా వార్చినది; పారవేయరాదు = మింగలేకపోయినా మింగవలెను; ప్లాస్టిక్ కప్పు = 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషిద్ధమై, కౌంటరు కింద మాత్రం చిరంజీవిగా ఉన్నది; అడుగరాదు = అడక్కుండా ఇస్తే పుచ్చుకోవచ్చును; యాజమాన్యం = పేరు చెప్పని పెద్దలు.

అన్వయం: రెండు వాక్యాల్లోనూ కర్త లేడు. ‘విద్యార్థి’ అని అధ్యాహారం చేసుకోవడం పూర్వుల మతం. మేమొప్పం. ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం లెక్కలో 2022లో లోకం పారేసిన తిండి 105 కోట్ల టన్నులు, అందులో 28 శాతం హోటళ్లు, క్యాంటీన్ల వంటి చోట్లది. కంచంలో మిగిలింది పిల్లవాడిదే అనుకుందాం. గుండిగలో మిగిలింది ఎవరిది? అమెరికాలో కొన్ని విశ్వవిద్యాలయాలు భోజనశాలల్లో ట్రేలు తీసేశాయి. చేతికి పట్టినంతే తెచ్చుకున్నారు, వృథా తగ్గింది. గోడ మీద నీతి రాయనక్కర్లేకపోయింది.

పూర్వపక్షం: అలాగే వృథా తగ్గాలని మన దగ్గర గరిటె చిన్నది చేస్తే పిల్లలు గొడవ చేస్తారు కదా?

సిద్ధాంతం: మారు వడ్డిస్తామంటే చేయరు. ‘కొంచెం చాలండీ’ అన్నవాడికి రెండు గరిటెలు వెయ్యడం పెళ్లిలో మర్యాద. క్యాంటీన్‌లో ఆ మర్యాద ఖర్చు తినేవాడిదే.

విశేషాలు: కాగితం కప్పు ప్లాస్టిక్ కాదు కదా అంటారు. టీ కారకుండా దాని లోపల పూసింది ప్లాస్టిక్ పొరే. స్టీలు గ్లాసు ఉండగా ఈ చర్చ దేనికంటే, గ్లాసు కడగడానికి మనిషి కావాలి, మనిషికి కూలి ఇవ్వాలి. మహేంద్రతనయ సముద్రంలో కలిసే మా ఒడ్డుకు ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. వాటికి ఈ కప్పుల శాస్త్రభేదం తెలియదు.

నూనె విషయంలో సూత్రకారుడు మౌనం. కాగేకొద్దీ పెరిగే ధ్రువ సమ్మేళనాలు 25 శాతం దాటిన నూనెలో మళ్లీ వేయించరాదని 2018 జూలై నుంచి నియమం. అలాంటి నూనె బయోడీజిల్‌కు పనికొస్తుంది. మన బజ్జీకి మాత్రం పాత చుట్టరికమే ఇష్టం. మా ఉద్దానంలో పనస, ఇళ్లల్లో చోడి అంబలి ఉండగా మెనూలో నూడుల్స్ ఎందుకున్నాయో ఏ టీకాకూ అందదు.

నీళ్ల దగ్గర పరిహాసం ఆపాలి. కిడ్నీ జబ్బుతో ఇంట్లో మనిషిని పోగొట్టుకున్న ఉద్దానం పిల్లవాడు నీళ్ల సీసా కొనుక్కుంటే తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. హిరమండలం జలాశయం నుంచి ఉద్దానానికి పైపుల్లో నీరు తెచ్చే పథకం 2023 డిసెంబరులో ప్రారంభమైంది. అలాగే క్యాంటీన్‌లోనూ నమ్మదగిన కుళాయి పెట్టి, పక్కన నీటి పరీక్ష ఫలితం అతికించండి. సీసాలు వాటంతటవే తగ్గుతాయి.

తాత్పర్యం: దోషం సూత్రంలో లేదు, మేకు కొట్టిన చోట ఉంది. దాన్ని పీకి వంటగదిలో, గుండిగకు ఎదురుగా, కాంట్రాక్టరు కంటికి ఆనేటట్టు తగిలించాలి. ఆ పూట ఎన్ని కిలోలు మిగిలాయో కింద సుద్దముక్కతో రాయాలి. ఆ లెక్క కనబడేదాకా విద్యార్థే కర్త అనడం చెల్లదు.