‘పట్టు పట్కరా’ అను వాక్యమునకు టీకా తాత్పర్యము

మూలము: పట్టు పట్కరా పట్టు పట్టకు

అవతారిక: ఈ వాక్యం నాగర్‌కర్నూల్‌లో పుట్టి, ఫోన్‌లో ప్రయాణం చేసి, గద్వాల బస్సు కోసం వనపర్తి బస్టాండులో నిలబడ్డ నా జేబులో మోగింది. కర్త్రి మా ఇంటామె. సందర్భం మేనకోడలి పెండ్లి. పోయిన పెండ్లికి నేను ప్యాంటు మీదనే పోయి మాటలు పడ్డ సంగతి ఇక్కడ అప్రస్తుతం. మూలంలో కామా లేదు, ఫుల్‌స్టాప్ లేదు. తాళపత్రాలదీ ఇదే తీరు కనుక పాఠం ప్రామాణికమేనని తీర్మానించాను. మూలంలో లేనిది రాయనని మన మెదకు దిక్కు కోలాచలం మల్లినాథసూరి ఒట్టు పెట్టుకున్నాడు. నేను పెట్టుకోలేదు. పైగా బస్సుకు ఇంకా నలభై నిమిషాలుంది.

టీక: పట్టు = చీర. ఇది సంస్కృత ‘పట్టం’ నుంచి దిగిన మాట. పలక, రేకు, పట్టీ, నేసిన పట్టుబట్ట, ఇన్నీ ఆ ఒక్క మాటలోనే మూటగట్టి ఉన్నాయి. పట్టీని నుదుట కడితే పట్టాభిషేకం. రాగిరేకు మీద భూదానం చెక్కిస్తే అదీ పట్టమే; రాగి పోయి కాగితం మిగిలాక పట్టా అయింది. అంటే దొరగారి కిరీటం, రైతు పాసుపుస్తకం, పెండ్లికూతురి చీర ఒక్క కడుపున పుట్టినవి. వీటిలో ఆఫీసుల చుట్టూ తిరగకుండా దొరికేది చీర ఒక్కటే.

పట్కరా = పట్టుకొని రమ్ము. ఇది వేరే పట్టు. ద్రావిడ ధాతువు, తమిళ, కన్నడాల్లోనూ దీని తోబుట్టువులున్నాయి. దీని స్వభావం విచిత్రం. చేపను మనం పడతాం, సరే. చెమట మనకు పడుతుంది, నిద్ర పడుతుంది, ఒక్కోసారి పిచ్చి కూడా. ఇనుముకు తుప్పు పట్టింది, మూటకు చెద పట్టింది, నాకు నడుము పట్టింది అంటే ఎవరు ఎవరిని పట్టుకున్నట్టు? ఇక ఆటోలో ఆరుగురు పడతారని కంపెనీ అంటుంది, పదకొండు మంది పడతారని డ్రైవరు రోజూ నిరూపిస్తాడు. గద్వాల చీర అగ్గిపెట్టెలో పడుతుందని చెప్పుకుంటారు. దాని ధర నా జేబులో పట్టదు.

శంక: మూలం చివరి రెండు మాటల దగ్గర వ్యాఖ్యాతకు చెమటలు పట్టాయి. ‘పట్టు పట్టకు’ అంటే ధర దగ్గర మొండికేయకు అని ఒక పక్షం. ఇది కర్త్రి శీలానికి విరుద్ధం. పది రూపాయల కొత్తిమీర కూడా ఆమె బేరం చేయకుండా కొనలేదు. పట్టును ముట్టకు అని రెండో పక్షం. అలాగైతే మొదటి సగం పట్టు తెమ్మంటుంది, రెండో సగం వద్దంటుంది. ఆజ్ఞ రెండుగా చీలిపోతుంది.

సమాధానం గద్వాల మగ్గం దగ్గర దొరికింది. గుంటలో కాళ్లు పెట్టి కూచున్న నేతగాడి చేతుల్లో మూడు నాడెలు ఆడుతున్నాయి. నడుమ నూలు, రెండు పక్కలా అంచులకు పట్టు. నూలు పేక అంచు దాకా పోయి, పట్టు పేకను కొక్కెంలా మెలివేసుకుని వెనక్కి మళ్లుతుంది. దీన్ని కుప్పడం అంటారు. మెలిక మీద గోరుతో రాస్తే సన్నటి గట్టు తగిలింది. ఒళ్లంతా నూలు, అంచూ కొంగూ పట్టు. పట్టు తెచ్చినట్టూ అయింది, తేనట్టూ అయింది! కృష్ణకూ తుంగభద్రకూ మధ్య నడిగడ్డలో, ఆ రెండు నీళ్లు అలంపురం దగ్గర ఒకటయ్యే చోట, సంస్కృత పట్టు తెలుగు పట్టుతో కలిసి ఒక్క మాటైనట్టే చెల్లడం నాకు వింతనిపించలేదు. పరమానందంతో చీర కట్టించుకున్నాను.

విశేషములు: ఈ ఊరిని విద్వద్గద్వాల అనేవారు. సంస్థానం రోజుల్లో తిరుపతి వేంకట కవుల వంటి వాళ్లు సన్మానాల కోసం ఇక్కడికి వచ్చారు. ఇక్కడి నుంచి ఏటా తిరుమల బ్రహ్మోత్సవాలకు ఏరువాడ జోడు పంచెలు పోతాయి. నేసేవాళ్లు నియమంతో ఉండి నేస్తారు. ఇదీ అప్రస్తుతమే అనుకున్నాను. 2016 అక్టోబర్ 11 దాకా మా మూడూళ్లూ మహబూబ్‌నగర్ జిల్లావే. ఇప్పుడు సంచిలో ఒక్క చీర పెట్టుకుని బీచుపల్లి వంతెన మీదుగా ఇంటికొస్తే మూడు జిల్లాలు తిరిగినట్టు.

ఇంటి దగ్గర ఆమె చీరను తిరగేసి, లైటు కిందికి తీసుకుపోయి, అతుకు మీద బొటనవేలు రెండుసార్లు రాసింది.

“నేత మంచిగుంది. ఎంతకిచ్చిండు?”

చెప్పాను.

“అడిగినంత ఇచ్చొచ్చినవా? కొంచెమన్న పట్టు పట్టొద్దా?”

“పట్టు పట్టకు అని నువ్వే పెడితివి గద!”

“చీర ఎవరడిగిన్రు? నీకు పట్టుపంచె పట్కరమ్మన్న. మొన్నటి లెక్క కట్టనని పట్టు పట్టకు అన్న.”

చీర మాత్రం మడిచి బీరువాలో పెట్టుకుంది.

ఇది వనపర్తి బస్టాండు బెంచీపై ఆరంభింపబడి, పెబ్బేరు దాకా నిలబడి పెంపొందింపబడి, నాగర్‌కర్నూల్‌లో కర్త్రి చేతనే ఖండింపబడిన పట్టు వ్యాఖ్య. పంచె కోసం ఎల్లుండి మళ్లీ గద్వాల.