కార్యదర్శి గారు, ఆయన పెండ్లాం

గండికోట చుట్టుపక్కల, అంటే జమ్మలమడుగు తాలూకా పల్లెల్లో, తిరునాళ్లకో శ్రీరామనవమికో పౌరాణిక నాటకం ఆడాలంటే ఒక నాటక సమాజం కావాలి. దానికో అధ్యక్షుడు, కోశాధికారి, గౌరవ సలహాదారులు ఉంటారు. కరపత్రం మీద ఉంటారు. రాత్రి పదిగంటలకు తెర వెనక ఉండేది మాత్రం కార్యదర్శి, ఆయన పెండ్లాం. ఆయన జేబులో రసీదు పుస్తకం, ఆమె కొంగున బీరువా తాళాలు, మెడలో పుస్తెలతో పాటు వేలాడే పిన్నీసుల గుత్తి. ఇద్దరికీ పైసా జీతం లేదు. ద్రౌపదీ వస్త్రాపహరణం నాడు దుశ్శాసనుడు లాగేది అక్షరాలా ఈమె బీరువానే. చీరకు చీర కొసలు ముడేసి, ముడి కనపడకుండా మడిచి, పెట్టె మీద కూర్చుని ఒక్కో మూర వదులుతూ ఉంటుంది. అక్కడ కృష్ణుడు అక్షయమిస్తున్నాడని జనం చేతులు జోడిస్తుంటే, ఇక్కడ ఈమె తెర సందులోంచి "నిదానంగా లాగు నాయనా, ఆ పచ్చది మా యమ్మ పెట్టింది" అంటుంది. దుశ్శాసనుడు నిదానిస్తాడు. కౌరవసభలో భీష్ముడు చేయలేని పని అది.

పల్లె నాటకాన్ని నిలబెడుతున్నది నటుడూ కాదు, హార్మోనియం మేష్టారూ కాదు, ఈ దంపతుల కాపురమే అని నా వాదన. కారణం భక్తి కాదు, కళాభిమానం అంతకన్నా కాదు. జీతం లేనిచోట ఆజ్ఞ చెల్లదు. ఆఫీసులో అయితే మెమో ఇస్తారు, అంగట్లో అయితే కూలి కోస్తారు. పల్లె నాటకంలో వేషగాడే చేతి డబ్బు పెట్టుకుని వేషం కడతాడు. పద్యాలు నేర్పిన మేష్టారుకూ అతనే ఇచ్చుకుంటాడు. ఒక్క రాత్రికి మొదటి కృష్ణుడు, రెండో కృష్ణుడు, మూడో కృష్ణుడు అని పాత్రను పంచుకుంటారంటే అది నాటక శాస్త్రం కాదు, చందాల శాస్త్రం. అట్లాంటివాణ్ణి "ఎందుకాలస్యం?" అని అడిగే మొగోడెవరు? కిరీటం తీసి హార్మోనియం మీద పెట్టి ఇంటికి పోతాడు. కాబట్టి కార్యదర్శి ఎవర్నీ ఏమీ అనడు. పెండ్లాన్ని అంటాడు. "మేయ్, గద యాడ పెట్టినావే?" అని అరుస్తాడు. గద పోగొట్టింది భీముడని ఆయనకూ తెలుసు, ఆమెకూ తెలుసు, పక్కనే బీడీ తాగుతున్న భీముడికీ తెలుసు. "నా నెత్తిన పెట్టుకోనుండా! వాడినోళ్లకు బుద్ధుండాల్నా, వద్దా?" అని ఆమె ఇంకా గట్టిగా అరుస్తుంది. భీముడు బీడీ ఆర్పి, వెదికి తెచ్చుకుంటాడు. ఎవరి మర్యాదకూ భంగం రాలేదు, పని అయింది. ప్రపంచంలో ఏ సంస్థకైనా ఇంత చౌకైన క్రమశిక్షణా సంఘం ఉందా?

చరిత్ర కూడా నా వైపే ఉంది. 1885లో ఇదే కడప జిల్లాలోని సురభి గ్రామంలో, ఒక పెళ్లి సందర్భంగా, తోలుబొమ్మలాడించే కుటుంబాలవాళ్లు తామే వేషాలు కట్టి 'కీచకవధ' ఆడారు. వనారస గోవిందరావుతో పేరుకెక్కిన ఆ సురభి సమాజంలో మగవాళ్లతో పాటు ఆలూ బిడ్డలూ రంగమెక్కారు. ఆ కాలంలోనే బళ్లారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులు సరస వినోదిని సభ పెట్టారు. అదే ఊళ్లో కోలాచలం శ్రీనివాసరావు సుమనోరమ సభ నడిపారు. ఇద్దరూ ప్లీడర్లు, ఇద్దరూ దిగ్గజాలైన నాటక కర్తలు. ఇద్దరు ప్లీడర్లున్న ఊళ్లో రెండు సభలుండటం సహజమే. ఆ సభలు ఇప్పుడు సాహిత్య చరిత్ర పుస్తకాల్లో భద్రంగా ఉన్నాయి. సురభివాళ్లు మాత్రం తరాలు మారినా ఇంకా తీగల మీద ఘటోత్కచుణ్ణి దించుతూనే ఉన్నారు. ప్లీడర్ల సభలో అలిగినవాడు ఇంకో సభ పెట్టుకుంటాడు. కాపురంలో అలిగినవాడు అన్నం వేళకు తిరిగొస్తాడు.

సురభివాళ్లకు నాటకమే బతుకుతెరువు, ఊరికే సేవచేసే దంపతులతో పోలికేమిటని ఎవరైనా అడగొచ్చు. సరైన ప్రశ్నే. మరి కమ్యూనిస్టుల ప్రజానాట్యమండలి మాటేమిటి? అందులో మిక్కిలినేని రాధాకృష్ణమూర్తి, ఆయన భార్య సీతారత్నం ఇద్దరూ పనిచేశారు. ఆ రోజుల్లో ఆ పనికి దొరికే ప్రతిఫలం పోలీసుల వేట. ఇంకో ఆక్షేపణ దీనికన్నా బలమైనది. చాలాకాలం ఆడవాళ్లను రంగం మీదికే రానీయలేదు కదా, స్థానం నరసింహారావు స్త్రీ పాత్రలతోనే 1956లో పద్మశ్రీ అందుకున్నారు కదా, ఇక దంపతులెక్కడ అని. ఈ ప్రాంతపు పల్లెల్లో నేటికీ ఊరి ఆడవాళ్లు వేషం కట్టరు, ఆడవేషాలకు బయటి ఊళ్లనుంచి కళాకారిణులను పిలిపిస్తారు. ఒప్పుకుంటాను. కానీ ఆ వచ్చిన చంద్రమతికి అన్నం పెట్టేదెవరు? తెల్లవారుజామున బస్సు దొరికేదాకా పడుకునే చోటు చూపేదెవరు? ఆమె మీద వెకిలి కూత కూసినవాణ్ణి పేరుపెట్టి, వాళ్లమ్మ పేరు కూడా చేర్చి, పిలిచేదెవరు? తెర ముందుకు రానంత మాత్రాన నాటకంలో లేనట్టు కాదు.

అసలైన చిక్కు మూడోది. పిచ్చి ఆయనది, చాకిరీ ఆమెది, దీన్ని దాంపత్య సేవ అని పొగడటం మగవాళ్ల మాయ అంటారు. దీనికి నా దగ్గర సగం జవాబే ఉంది. హరిశ్చంద్రుడు సత్యం కోసం ఆలిని అమ్మాడు. మన కార్యదర్శి సీన్ సెట్టు బాడుగ కోసం ఆలి కమ్మలు కుదువ పెడతాడు. విశ్వామిత్రుడు చివరికి అన్నీ తిరిగిచ్చాడు, బ్యాంకు ఇవ్వదు. గండికోటలో అంత పెద్ద ధాన్యాగారం కట్టినవాళ్లున్నారు గానీ, ఈ పల్లెల్లో నాటకాల సామాను పెట్టుకోవడానికి ఒక్క గది కట్టినవాళ్లు లేరు. ఊరి కిరీటాలన్నీ ఈమె అటక మీద, శెనక్కాయల మూటల పక్కనే ఉంటాయి. అన్యాయమే. అయితే మిగతా సగం కూడా వినండి. ఊళ్లో ధర్మరాజు నుంచి శకుని దాకా ఏ మొగోడు ఎన్నిసార్లు పద్యం మరిచాడో, ఎవడు తాగొచ్చాడో, ఎవడి మీసం ఊడిందో లెక్క ఆమె దగ్గరుంది. సర్పంచి ఎన్నికలప్పుడు అభ్యర్థులు ఆమె గడపకు ఎందుకంత వినయంగా వస్తారో ఆలోచించండి.

కోటలో ప్రభుత్వం గండికోట ఉత్సవాలు జరుపుతోంది, వేదికలు, లైట్లు, పారితోషికాలు అన్నీ ఉన్నాయి, ఇంకా ఈ ఇంటి నాటకాలేమిటని కొందరంటారు. ఉత్సవం అయ్యాక వేదిక విప్పుకుని పోతారు. మళ్లీ శ్రీరామనవమికి చందాల పుస్తకం పట్టుకుని వచ్చేది ఈ ఇద్దరే. వచ్చినప్పుడు తలుపు వేసుకోకండి. నాటకం రాత్రి మొదటి కృష్ణుడికి చదివింపులు చదివించేటప్పుడు, ఒక వంద ఆమె పేరున కూడా మైకులో చెప్పించండి. డబ్బు మాత్రం ఆమె చేతికే ఇవ్వండి, ఆయనకిస్తే రెండో కృష్ణుడికి కొత్త కిరీటం కొంటాడు.