ఇంటిబడి హెడ్మాస్టరు

మే నెల వచ్చిందంటే సీమలో ఎవరైనా ఊరగాయ జాడీల గురించో, ఎండిపోతున్న బోరు గురించో మాట్లాడుకుంటారు. ఇంటిబడి హెడ్మాస్టరు మాత్రం టైంటేబుల్ గురించి మాట్లాడతాడు. ఈయన్ను గుర్తుపట్టడం తేలిక. బెంగళూరు ఉద్యోగాన్ని లాప్‌టాప్‌లో వెంటబెట్టుకొని మహానందికి కాపురం మార్చి ఉంటాడు. చొక్కా జేబులో నాలుగు రంగుల స్కెచ్ పెన్నులుంటాయి. పిల్లలు ముగ్గురు: పదమూడేళ్ల కూతురు, తొమ్మిదేళ్ల కొడుకు, ఐదేళ్ల చిన్నది. ఏ తరగతి అని అడిగితే "ఏ సబ్జెక్టులో?" అని ఎదురడుగుతాడు.

పెళ్లిళ్లలో ఈయన పక్కన కూర్చోవడానికి బంధువులు జంకుతారు. "బడికి పంపకుంటే పదో తరగతి ఎట్లబ్బా?" అని ఎవరైనా నోరు జారితే చాలు. 1989లో కేంద్రం పెట్టిన ఓపెన్ స్కూలు, 1991లో మన రాష్ట్రం పెట్టిన ఓపెన్ స్కూల్ సొసైటీ, 14 ఏళ్లు నిండితే పదో తరగతి పరీక్ష రాసే వీలు, అన్నీ పప్పు వడ్డించేలోగా చెప్పేస్తాడు. ఇంట్లోనే చదివి 8 ఏళ్లకే పదో తరగతి పాసైన హైదరాబాదు టేబుల్ టెన్నిస్ క్రీడాకారిణి నైనా జైస్వాల్, 14 ఏళ్లకు డిగ్రీ ముగించిన ఆమె తమ్ముడు అగస్త్య పాయసం దగ్గరికి వస్తారు. పెద్దకూతురు పంక్తిలో ఉంటే మాత్రం ఆ పేర్లు ఎత్తడు. ఒకసారి ఎత్తితే ఆ పిల్ల చూసిన చూపు ఇంకా గుర్తుంది.

అసలు చిక్కు వయసులతోనే. ముగ్గురికీ మూడు పాఠాలు పెడితే తనకు ముప్పొద్దులా అదే పని. ఒకే పాఠం పెడితే ఒకరికి నిద్ర, ఒకరికి ఏడుపు. మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ వాళ్లు పల్లెబడుల్లో దీనికి దారి చూపించారని ఆయనకు తెలుసు. అక్కడ పాఠాలను కార్డులుగా విడగొడతారు. ఏ పిల్ల ఏ మెట్టు మీదుంటే అక్కడి కార్డు తీసుకుంటుంది, ఒక్క పంతులే అన్ని వయసులవాళ్లనూ చూసుకుంటాడు. హెడ్మాస్టరు రెండు వారాలు రాత్రిళ్లు మేలుకొని కార్డులు చేశాడు, నంద్యాల పోయి లామినేషన్ చేయించాడు. వాటితో చిన్నది అంగడి పెట్టింది. తెలుగు కార్డు పది రూపాయలు, లెక్కల కార్డు ఐదు. గిరాకీ లేదట.

సాంఘికశాస్త్రం మొదటి పాఠం "మన జిల్లా". 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా ఏర్పడిందని, మహానంది అందులోకి వచ్చిందని పటం గీసి మరీ చెప్పాడు. వసారాలో వక్కలు కత్తిరిస్తున్న జేజి తల ఎత్తకుండానే, "మాది కర్నూలు జిల్లానే లేరా" అంది. కొడుకు నోటుబుక్కులో రెండూ రాసుకున్నాడు.

జూన్ 12న రాష్ట్రంలో బళ్లు తెరిచారు. హెడ్మాస్టరూ తెరిచాడు. ఆ రోజు చార్టులో "నీళ్లు: పద్యం, చర్చ, బొమ్మ" అని ఉంది. గుళ్లో లింగం కింద పుట్టే ఊట కోనేట్లో నిండి, బయటికొచ్చి అరటితోటలకు పారుతుంది. పిల్లలు పద్యాన్ని ఇంట్లో వదిలి ఆ కాలువ దగ్గరికి పరుగెత్తారు. చిన్నది అరటాకు ముక్క వదిలింది. కొడుకు పది మీటర్ల దూరం కొలిచి, ఇరవై సెకన్లని లెక్కబెట్టాడు. వెడల్పు అరవై సెంటీమీటర్లు, లోతు ఇరవై.

"అంటే సెకనుకు అరవై లీటర్లు!" అన్నాడు హెడ్మాస్టరు గర్వంగా.

"ఆకు పైన తేలతాది కదా నాయనా," అంది పెద్దది. "అడుగున నీళ్లు నిదానంగా పోతాయి. ఐదోవంతు తగ్గించాల. నలభై ఎనిమిది వేసుకో."

గట్టు మీద పార పట్టుకొని నిలబడిన రైతు, "ఏందన్నా, కాలువకు కొలతలేస్తాండావు? నీటి తీరువా పెంచుతారా ఏంది?" అని కంగారుపడ్డాడు.

ఇంటికి రాగానే హెడ్మాస్టరు చార్టులో "పద్యం" కొట్టేసి "జలగణితం" అని ఎర్రరంగుతో రాశాడు, ముందే అనుకున్నట్టు.

ఆయనకు చరిత్ర ఆధారం కూడా దొరికింది. బళ్లారి కలెక్టరు క్యాంప్‌బెల్ 1823లో పై అధికారులకు పంపిన నివేదికలో ఇక్కడి వీధిబడులను వర్ణించాడు. చదువు ముదిరిన పిల్లలు చిన్నవాళ్లకు చెప్పే పద్ధతిని మెచ్చుకుని, ఇంగ్లండులో దాన్ని అనుకరించడం సబబేనన్నాడు. వెంటనే చార్టులోకి ఆకుపచ్చ గడి వచ్చింది: "అక్క చెల్లెలికి చెప్పుట, వారానికి రెండు పీరియడ్లు." చిన్నదానికి మాటలొచ్చినప్పటి నుంచీ అక్కే చెబుతోందని భార్య గుర్తుచేస్తే, "అది అనధికారికం" అన్నాడు.

చార్టులో గడి లేనిది ఒక్క బంధువులకే. క్షేత్రంలో కాపురముంటే చుట్టాలు దర్శనానికొస్తారు, దర్శనమయ్యాక భోజనానికొస్తారు. సోమవారాలు సగం పోతాయి, కార్తీకమాసం మొత్తం పోతుంది, శివరాత్రికి ఇల్లు సత్రమే. పిల్లలకు కోనేరు, హెడ్మాస్టరుకు "సవరించిన ప్రణాళిక". దసరాకు ఆరోది గోడెక్కింది.

కొడుకును విజయవాడ హాస్టల్లో వేసిన బావ ఆ గోడముందు చాలాసేపు నిలబడ్డాడు. రంగులు చూసి ముచ్చటపడి ఫోను బయటికి తీశాడు.

"ఇప్పుడు ఫోటో తీయొద్దు బావా," అన్నాడు హెడ్మాస్టరు. "ఆదివారానికి కొత్తది వస్తాది."