రోలు పగలని రోహిణి

“రోహిణి ఎప్పుడొస్తాదిరా అబ్బయ్యా?” అని అడిగింది అమ్మ. జూన్ 7, మధ్యాహ్నం అన్నాల దగ్గర.

“ఎప్పుడో వచ్చిందమ్మా. 1980 జూలై 18. ఎస్‌ఎల్‌వీ-3 మీద. 35 కిలోలు” అన్నాను గడగడా. శ్రీహరికోట పక్కన పెరిగినవాళ్ళ నోట్లోంచి ఇట్లాంటివి ఆలోచించకుండానే ఊడిపడతాయి.

అమ్మ మజ్జిగన్నం కలుపుతున్న చెయ్యి ఆపింది. “ఉపగ్రహం కాదురా. కార్తె.”

ఫోన్ తీసి చూశాను. మే 25న వచ్చిందట. ఇవాళ్టితో సరి. రేపట్నుంచి మృగశిర. పద్నాలుగు రోజులు సూర్యుడు రోహిణిలో కాపురముండి, పెట్టేబేడా సర్దుకుని పోతుంటే ఇంట్లో నలుగురిలో ఒక్కరికీ కబురు లేదు.

మాది సూళ్ళూరుపేట. నేను రాకెట్లు చేసేవాణ్ణి కాదు, మిద్దె మీద నిలబడి చూసేవాణ్ణి. అయినా ఊరి గాలి అట్లాంటిది. ఇక్కడ టీ కొట్టు ముందు బెంచీ మీద కూర్చునేవాడికి కూడా సెకన్ల లెక్క తెలుసు. 2019 జూలై 15న చంద్రయాన్-2ను ఇంకా 56 నిమిషాల 24 సెకన్లు ఉందనగా ఆపేశారని నిద్రలో లేపి అడిగినా చెబుతాం. సూర్యుడి సంగతేమిటో చూసి రమ్మని ఆదిత్య-ఎల్1ను 2023 సెప్టెంబరు 2న సాగనంపింది మా పక్కనుంచే. అది పదిహేను లక్షల కిలోమీటర్లు పోయి చూస్తోంది. నేను మిద్దె ఎక్కి చూడలేకపోయాను.

ఇంతకన్నా సిగ్గుపడాల్సింది ఇంకొకటుంది. 2023 మే 29, ఉదయం 10 గంటల 42 నిమిషాలకు జీఎస్‌ఎల్‌వీ రాకెట్ ఎన్‌వీఎస్-01ను తీసుకుపోయింది. అందులో మన దేశంలోనే తయారైన రుబీడియం అణు గడియారం ఉంది. ఆ రోజు రోహిణిలో ఐదో రోజు. చెప్పుల్లేకుండా మిద్దె ఎక్కి, కాలుమార్చి కాలు ఎత్తుతూ, అరచెయ్యి కళ్ళకు అడ్డం పెట్టుకుని చూశాను. పైకి పోయే గడియారాన్ని చూశాను గానీ కింద కాళ్ళు కాలుతున్నది ఏ కార్తెకో ఆలోచించలేదు. ఈ ఏడు మర్చిపోయానని అమ్మ అనుకుంటోంది. మూడేళ్ళ కిందటే మర్చిపోయిన సంగతి నేనింకా చెప్పలేదు.

నా తరఫున వాదించడానికి ఖగోళశాస్త్రం లేకపోలేదు. రోహిణి కార్తె అంటే సూర్యుడు రోహిణి నక్షత్రం దగ్గర ఉండే కాలం. సూర్యుడి పక్కనున్న చుక్క ఎవరికి కనబడుతుంది? కాబట్టి రోహిణి కార్తెలో రోహిణిని చూసినవాడు లేడు. నేను చూడలేదన్నది నూటికి నూరుపాళ్ళు శాస్త్రసమ్మతం. పైగా భూమి ఇరుసు మెల్లగా తిరుగుతుండడం వల్ల కార్తెలే ఋతువుల మీదుగా సుమారు డెబ్భై ఏళ్ళకు ఒక రోజు చొప్పున జారుతున్నాయి. ఆ లెక్కన పద్నాలుగు రోజులు జారడానికి దాదాపు వెయ్యేళ్ళు పట్టాలి. నేను ఒక్క ఎండాకాలంలో జారిపోయాను.

అమ్మకు ఈ వాదన నచ్చలేదు. “గోడ మీద క్యాలెండరుంటే ఈ గతి పట్టునా?” అంది. నిజమే. వెంకట్రామా అండ్ కో వారి క్యాలెండరు తగిలించిన మేకు ఇంకా ఉంది. ఇప్పుడు దానికి ఏసీ రిమోట్ వేలాడుతోంది. మా ఇంట్లో కార్తెలన్నీ ఆ రిమోట్‌లోనే మారతాయి. పదహారు, పద్దెనిమిది, ఇరవై నాలుగు. కరెంటు బిల్లు వచ్చిన రోజున ఇరవై ఏడు.

అమ్మ అడిగింది పంచాంగం మీద భక్తితో కాదు. మజ్జిగ మిరపకాయలు, సగ్గుబియ్యం వడియాలు పెట్టాలని ఆమె ఆలోచన. దానికి రోహిణి ఎండ కావాలి. మా తీరంలో ఆ ఎండకు కారణం కూడా ఉంది. ఏప్రిల్‌లో మధ్యాహ్నానికల్లా సముద్రపు గాలి వచ్చి ఆదుకుంటుంది. మే ఆఖరుకు పడమటి గాలి బలపడి దాన్ని ఒడ్డునే ఆపేస్తుంది. అది లోపలికి వచ్చేసరికి సాయంత్రమవుతుంది, ఒక్కోరోజు రానే రాదు. బంగాళాఖాతం కూతవేటు దూరంలో పెట్టుకుని పొయ్యి మీద కూర్చున్నట్టుంటుంది. తమిళదేశం సరిహద్దు కాబట్టి మాకు మే 4 నుంచి కత్తిరి ఎండలు కూడా ఉన్నాయి. అంటే ముందు కత్తిరి గంట కొట్టింది, ఆపైన రోహిణి తలుపు తట్టింది. మేం ఏసీ చప్పుడులో రెండూ వినలేదు.

అట్లాగని మేం ఎండాకాలం గుర్తులు లేకుండా బతకడం లేదు. ఐపీఎల్ కార్తె, ఈఏపీసెట్ కార్తె, కరెంటు కోతల కార్తె వరసగా వస్తాయి. చలివేంద్రం కార్తె మరీ ప్రత్యేకం. అందులో మొదటి రోజు కుండలో నీళ్ళుంటాయి, మిగతా రోజులు ఫ్లెక్సీలో నాయకుడుంటాడు. పెట్రోలు ట్యాంకు నిండా కొట్టించకండి, పేలుతుంది అని ఏటా వాట్సాప్‌లో తిరిగే హెచ్చరిక ఒకటుంది. ఇదివరకు నాకు రోహిణిని గుర్తుచేసింది ఆ అబద్ధమే. ఈ ఏడు ఆ గ్రూపును మ్యూట్‌లో పెట్టాను. నిజంతోపాటు అబద్ధమూ అందకుండా పోయింది.

మర్చిపోని వాళ్ళు మా చుట్టూనే ఉన్నారు. సూళ్ళూరుపేట నుంచి శ్రీహరికోటకు పోయే దారికి రెండు పక్కలా పులికాట్ సరస్సు. మా పెద్దలు ప్రళయకావేరి అంటారు. శీతాకాలంలో రాజహంసలను చూడ్డానికి జనం కార్లు ఆపే ఆ చోట, మే నెలలో నీళ్ళు ఇంకిపోయి నేల ఉప్పు తేలి తెల్లగా మెరుస్తుంది. అందులో వల వేసేవాడికి కార్తె ఎవరు చెప్పాలి? రాకెట్లు రాకముందు శ్రీహరికోట దీవి యానాదులది. మా చిన్నప్పుడు దీవి వైపు నుంచి ఒక యానాది అవ్వ వచ్చి మా వాకిట్లో ఈతపళ్ళ బుట్ట దించేది. ఆ రోజు అమ్మ క్యాలెండరు చూడకుండానే మిరపకాయలకు గాట్లు పెట్టేది. బుట్ట రావడం మానేసిన తర్వాతే మాకు క్యాలెండరు అవసరమైంది. ఇప్పుడు అదీ లేదు.

సరే, రోహిణి పోయింది, మృగశిరనైనా మర్యాదగా పిలుద్దామనుకున్నాను. మృగశిరను మర్చిపోవడం కష్టం. హైదరాబాదు నాంపల్లిలో చేప మందు కోసం నిలబడిన జనాన్ని టీవీలు పొద్దున్నుంచీ చూపిస్తాయి. రోహిణికి అట్లాంటి ప్రచారం లేదు పాపం, రోళ్ళు పగలగొట్టి పోతుందంతే. మృగశిర నాడు చేప తినాలంటారు. జూన్ 8 పొద్దున్నే సంచి తీసుకుని చేపల మార్కెట్టుకు పోయాను.

“వంజరం ఉందా అమ్మా?”

“యాడ్నుంచి వస్తాది సార్? సముద్రం మూసుండారు గదా” అంది చేపలామె.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్లకు వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని ప్రభుత్వం పెట్టిన కార్తె అది. మృగశిర సరిగ్గా దాని లోపల పడింది. చేప తినమని పంచాంగం, పట్టొద్దని జీవో. 

“పోనీ సరస్సు చేప?”

“సరస్సులో నీళ్ళుండాయా సార్? ఇదో, చెరువు చేప. కృష్ణా నుంచి వచ్చిండాది, ఐస్‌లో.”

బొచ్చె చేప కిలోన్నర తెచ్చాను. మామిడికాయ వేసి పులుసు పెట్టారు. మృగశిర వస్తే ముంగిళ్ళు చల్లబడతాయంటారు గానీ, ఆ మాట నైరుతి వానలు పడే ఊళ్ళది. మాకు వానంటే ఈశాన్యం, అక్టోబరు దాకా ఆగాలి. మృగశిర నాడు కూడా మా ముంగిట్లో అట్లు పోసుకోవచ్చు.

పులుసు తిని అమ్మ చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, “రోహిణికి రోళ్ళు పగులుతాయంటారే, మన రోలు చూసినావా?” అంది.

మిక్సీ కొన్న ఏడు రోలును పెరట్లోకి దొర్లించాం. పోయి చూశాను. పగల్లేదు. ఏసీ పైపు సరిగ్గా దానిపైకే ఉంది. రోహిణి పద్నాలుగు రోజులూ చుక్క చుక్క కారి రోలు నిండింది, అంచు చుట్టూ పచ్చగా పాచి పట్టింది. ఒక కాకి వచ్చి తీరిగ్గా తాగుతోంది.