నాన్న అడిగిన గాలి

నాన్న కాకినాడ యాంకరేజి పోర్టులో బార్జీ మీద సరంగుగా చేసి రిటైరయ్యారు. అక్కడ పెద్ద ఓడలు గట్టు దాకా రావు. దూరంగా లోతు నీళ్ళలో లంగరు దించుకుని నిలబడితే, బియ్యం బస్తాలు బార్జీల మీద వాటి దగ్గరికి వెళ్ళాలి. ఉద్యోగం చేసినంతకాలం ఆయన నీళ్ళ మీద తిప్పిందంతా ఎవరెవరి సరుకో. ఒక్కసారైనా ఆయన్ని ఒక పడవలో యజమానిలా కూర్చోబెట్టాలని నాకు ఏళ్ళ తరబడి కోరిక. ఆ కోరికలో తప్పు లేదని ఇప్పటికీ అనుకుంటున్నాను. దాన్ని తీర్చడానికి నేను చేసిన ఏర్పాటు మాత్రం మొదటినుంచి చివరిదాకా తెలివితక్కువది. మనవాళ్ళు చాలామంది ఈమధ్య ఇలాంటి సెలవుల గురించి నన్నడుగుతున్నారు. అందుకే దాచుకోకుండా రాస్తున్నాను.

అమ్మానాన్నల యాభయ్యో పెళ్ళిరోజు అది. మేముండేది ఇంగ్లండులోని రెడింగ్‌లో. కాకినాడ నుంచి వాళ్ళిద్దరూ, హైదరాబాద్ నుంచి అక్క, బావ, వాళ్ళ ఇద్దరు పిల్లలు, ఇక్కడి నుంచి మేమిద్దరం ఏథెన్స్‌లో కలుసుకోవాలి. అక్కడ ఒక క్యాటమరాన్ యాట్‌ని, అంటే రెండు పడవలు జోడించినట్టుండే దాన్ని, కెప్టెన్‌తో సహా వారానికి అద్దెకు తీసుకుని సైక్లడీస్ దీవులు తిరగాలి. నా భార్య ఇక్కడి బడిలో టీచరు, పెద్ద సెలవులు ఆగస్టులోనే. అక్క పిల్లలకి ఆగస్టులో బళ్ళు జోరుగా నడుస్తుంటాయి. అక్క ఆ మాట అంది కూడా. "వారమేగా అక్కా" అని తోసేశాను. ఎప్పుడన్నది నాకు వీలైన నెలని బట్టి, ఎక్కడన్నది నేను చూసిన ఫొటోలని బట్టి తేలిపోయింది.

రాత్రుళ్ళు మ్యాపు ముందేసుకుని కూర్చునేవాణ్ణి. కియా, సీరోస్, మికొనోస్, నాక్సోస్, చివర్న శాంటోరిని. తెల్లటి ఇళ్ళ కింద నీలి సముద్రం, ముందు అమ్మా నాన్నా. ఆ ఒక్క ఫొటో కోసమే దారంతా గీశానని ఒప్పుకోవాలి. ఏథెన్స్ నుంచి శాంటోరినికి నేరుగా పోయినా దాదాపు 130 నాటికల్ మైళ్ళు, అంటే 240 కిలోమీటర్లు. అద్దె క్యాటమరాన్ గంటకి ఆరేడు నాటికల్ మైళ్ళు నడుస్తుంది. శనివారం సాయంత్రం పడవ అప్పగిస్తారు, వచ్చే శుక్రవారం సాయంత్రానికల్లా మళ్ళీ అదే రేవులో ఉండాలి. ఈ లెక్కలన్నీ వేశాను. ఇరుకుగా ఉన్నా కాగితం మీద కుదిరాయి.

వీడియో కాల్లో ఆ కాగితం చూపించినప్పుడు నాన్న కళ్ళజోడు సవరించుకుని చాలాసేపు చూశారు. "ఒరేయ్ అబ్బాయ్, ఆ నెల్లో అక్కడ గాలి ఎటేపునుంచిరా?" అని మాత్రం అడిగారు.

"అక్కడ తుపాన్లుండవు నాన్నా. ఆగస్టులో చినుకు కూడా పడదు" అన్నాను. ఆయన అడిగింది తుపాను గురించి కాదు. తలాడించి ఊరుకున్నారు. కొడుకు ఉత్సాహం మీద నీళ్ళు చల్లడం ఇష్టంలేక ఊరుకున్నారని నాకప్పుడు తోచలేదు.

ఏజియన్ సముద్రం మీద జూలై, ఆగస్టుల్లో ఉత్తరం నుంచి మెల్తెమి అనే గాలి వీస్తుంది. మనకి నైరుతి రుతుపవనాలని లాక్కొచ్చే ఆసియా వేసవి అల్పపీడనం పడమటి కొస టర్కీ దాకా సాగి ఉంటుంది. దానికి ఎదురుగా బాల్కన్ దేశాల మీద అధిక పీడనం నిలబడుతుంది. ఈ రెంటి మధ్య సందులోంచి గాలి దక్షిణానికి పరుగెత్తుతుంది. ఆకాశంలో మబ్బు తునక ఉండదు, ఎండ కాస్తూనే ఉంటుంది, కింద సముద్రం లేచిపోతుంది. పట్టిందంటే రోజుల తరబడి వదలదు. అరిస్టాటిల్ నాటికే తెలిసిన గాలి ఇది, ఆయన వాతావరణం మీద రాసిన గ్రంథంలో దీన్ని చర్చించాడు. ఏ నావికుల పుస్తకం తెరిచినా మొదటి పేజీల్లోనే కనిపిస్తుంది. నేను హోటళ్ళూ రెస్టారెంట్ల సమీక్షలు వందలకొద్దీ చదివాను కానీ ఇది చదవలేదు. చదివి ఉంటే నాన్న ప్రశ్నలో ఉన్న రెండో సగం కూడా అర్థమయ్యేది. ఉత్తరపు గాలిలో శాంటోరిని వైపు దిగడం తేలిక. మళ్ళీ ఏథెన్స్ చేరాలంటే ఆ గాలికి ఎదురెక్కాలి, అదీ శుక్రవారం గడువు పెట్టుకుని.

డబ్బు సంగతి పొడిగించను. ఇంటర్నెట్‌లో కనిపించే అద్దె పడవకి మాత్రమే. కెప్టెన్ రోజు జీతం, ఆయన తిండి, డీజిలు, రేవు రుసుములు, చివర్న శుభ్రం చేసే ఖర్చు, డిపాజిట్ అన్నీ విడి. బావ సగం పెడతానంటే వద్దన్నాను. దాంతో ఏ విషయంలోనూ నోరెత్తే చనువు ఆయనకి లేకుండా చేశాను. అది డబ్బు కంటే ఎక్కువ బాధిస్తోంది.

పడవ ఎంపికలోనూ ఇదే తంతు. నాలుగు గదులు చూసి, మూడు జంటలకి మూడు, పిల్లలకి ఒకటి అని పంచేశాను. కెప్టెన్ ఎక్కడ పడుకుంటాడని ఆలోచించలేదు. పాపం ఆయన వారమంతా హాల్లో సోఫా మీద పడుకున్నాడు. అమ్మ తెల్లవారుజామున నాలుగింటికి లేచి కాఫీ పెట్టుకునే మనిషి. ఆయన నిద్ర చెడుతుందని స్టవ్వు దగ్గరికి వెళ్ళకుండా గదిలోనే కూర్చునేది. క్యాటమరాన్‌లో గదులు రెండు పక్కలా దిగువన ఉంటాయి. ఒక పక్కనుంచి మరో పక్కకి పోవాలంటే నిటారు మెట్లెక్కి హాల్లోకొచ్చి మళ్ళీ దిగాలి. అమ్మ మోకాళ్ళ సంగతి తెలిసి కూడా ఆ మెట్ల ఫొటో నేను చూడలేదు.

ఏథెన్స్ దగ్గర ఆలిమోస్ మరీనాలో కెప్టెన్ నా కాగితం చూశాడు. బోఫర్ట్ స్కేలు మీద 7 దాకా గాలి వస్తోందని, అంటే గంటకి 50 నుంచి 61 కిలోమీటర్లని, పెద్దవాళ్ళతో సైక్లడీస్ వద్దని మర్యాదగా చెప్పాడు. దగ్గర్లోని సారోనిక్ గల్ఫ్‌లోనే ఏజినా, పోరోస్, హైడ్రా దీవులు చూపిస్తానన్నాడు. నేను వాదించాను. డబ్బు కట్టానన్నాను. కనీసం కియా దాకా పోదాం, చూసి నిర్ణయిద్దాం అన్నాను. తన పని తెలిసిన మనిషి చెప్పిన మాటని, ఆ పని ఎన్నడూ చేయని నేను బేరమాడాను.

సూనియన్ అగ్రం మీద సముద్రదేవుడు పొసైడన్ గుడి ఉంది, క్రీస్తుపూర్వం 5వ శతాబ్దపు పాలరాతి స్తంభాలు. అవి కనిపించేదాకా అందరూ నవ్వుతూనే ఉన్నారు. ఆ కొండ చాటు దాటగానే గాలి పక్కనుంచి కొట్టింది. ఏజియన్ అలలు పొడుగ్గా సాగవు, పొట్టిగా నిటారుగా ఒకదాని వెంట ఒకటి వస్తాయి. అమ్మకి కడుపులో తిప్పడం మొదలైంది. "కాసేపు పడుకో అమ్మా" అని కిందికి పంపాను. చేయకూడని పని అదే. గదిలో కళ్ళకి గోడలు కదలనట్టు కనబడతాయి, చెవిలోపలి తూకం మాత్రం కదులుతోందని చెబుతుంది. ఆ తగాదాతోనే వాంతులు ముదురుతాయి. పైగా అలలు లోపలికి కొట్టకుండా కిటికీలు బిగించి ఉన్నాయి. బయట కూర్చుని దూరంగా దిగంతాన్ని చూస్తుంటే కొంతైనా నెమ్మదించేది. నాన్నే కిందికి దిగి, భుజం పట్టి ఆమెని పైకి తీసుకొచ్చి, చీర కొంగు ముఖానికి అడ్డం పెట్టి, అదిగో ఆ కొండని చూడు అంటూ కూర్చున్నారు. పిల్లలు బావని పట్టుకుని ఏడుస్తున్నారు. కెప్టెన్ నన్ను అడగకుండా పడవ వెనక్కి తిప్పాడు.

తర్వాతి రోజులు సారోనిక్‌లోనే గడిచాయి. అక్కడ నీళ్ళు నెమ్మదిగా ఉన్నాయి. ఏజినాలో దిగిన సాయంత్రం నాన్న అన్నారు: "మనకి హోప్ ఐలాండ్ ఉంది చూడు. ఆ ఇసక దిబ్బ అడ్డం లేకపోతే కాకినాడలో బార్జీ నడవదురా. ఇక్కడ ఆ పని ఈ కొండలు చేస్తున్నాయి." అంతకు మించి ఒక్క మాట అనలేదు.

ఆ రేవుల్లో పడవ వెనక భాగాన్ని గట్టుకి కట్టి, మధ్యలో సన్నటి పలక వేస్తారు. దాని మీద నడిచే దిగాలి. చీర కట్టుకున్న అమ్మ దాని ముందు నిలబడి, "మీరెళ్ళి రండమ్మా, నేనిక్కడే ఉంటాను" అనేది. హైడ్రాలో కార్లుండవు, సామాను గాడిదలు, కంచరగాడిదలు మోస్తాయి. పిల్లలు అది చూసి కేరింతలు కొడుతుంటే ఆవిడ పడవలోంచే చూసింది. పోరోస్‌లో గట్టు మీద గది తీసుకున్నాం. ఆ రాత్రి దుప్పట్లు నేల మీద పరుచుకుని, మనవల్ని చెరోపక్కన వేసుకుని పడుకుంది. "ఇలా అందరం ఒకచోట పడుకుంటామనే వచ్చాను నాన్నా" అంది. ఏం కావాలని నేనెప్పుడు అడిగాను గనక?

నాన్న విషయమూ అంతే. పోరోస్‌లో గట్టుకి చేరుతున్నప్పుడు నా చేతిలోని తాడు ఆయన తీసుకుని విసిరారు, సరిగ్గా వెళ్ళి పడింది. కెప్టెన్ అప్పటినుంచి ప్రతి రేవులోనూ ఆయనకే తాడిచ్చాడు. భాష తెలియని ఇద్దరూ చేతులతోనే మాట్లాడుకున్నారు. వారమంతటిలో ఆయన ముఖం వెలిగింది ఆ క్షణాల్లోనే. నేను కూర్చోబెట్టిన మెత్తటి సీటులో ఆయన ఎక్కువసేపు కూర్చోలేదు.

మీలో ఎవరైనా పెద్దవాళ్ళతో యాట్ సెలవు అనుకుంటే, జూలై, ఆగస్టుల్లో సైక్లడీస్ పెట్టుకోకండి. జూన్ మొదట్లోనో సెప్టెంబరులోనో వెళ్ళండి. జూలై, ఆగస్టులే కుదిరితే సారోనిక్ గానీ, పడమటి వైపు అయోనియన్ దీవులు గానీ చూసుకోండి. కెప్టెన్ గది, మెట్లు, దిగే పలక గురించి డబ్బు కట్టకముందే అడగండి. పడవే వద్దనుకుంటే ఏథెన్స్ పక్కనున్న పిరియస్ రేవు నుంచి ఏజినాకి రోజూ ఫెర్రీలు ఉన్నాయి. మామూలు ఫెర్రీలో గంటా పావు ప్రయాణం. దిగడానికి వెడల్పాటి ర్యాంపు ఉంటుంది, సాయంత్రానికి తిరిగి రావచ్చు.