దొరగారి పల్లకి

నేను పల్లకిని. జపాన్‌లో కాగా సంస్థానాధీశులు మాయెదా నరియసుగారిని మోశాను. మోశానంటే బోయీలు ఒప్పుకోరనుకోండి, భుజాలు కాయలు కాచింది వాళ్లకి. నా వంతు నల్ల లక్కపూత, ఉమె పువ్వు వంశచిహ్నం, ఆ దర్జా మాత్రమే.

మా దొరగారి సంస్థానంలో పంట అంచనా పది లక్షల కోకుల పైమాటే. కోకు అంటే ఒక మనిషికి ఏడాది తిండి, సుమారు 150 కిలోల బియ్యం. దేశాన్నేలే షోగున్‌ను పక్కన పెడితే అంత సంస్థానం ఇంకెవరికీ లేదు. అయినా నాలో కూర్చుంటే ఆయనకు కాళ్లు చాపుకునే చోటు లేదు.

1635లో షోగున్ ఇయెమిత్సు దొరలకు కట్టడి పెట్టాడు. ఏడాది షోగున్ ఉండే ఎదో నగరంలో ఉండాలి, ఏడాది సొంతూళ్లో. భార్యాబిడ్డలు మాత్రం ఎప్పుడూ ఎదోలోనే. తాకట్టు అనే మాట ఎవరి నోటా రాదు, అందరికీ తెలుసు. మా దొరగారు 1827లో షోగున్ ఇయెనరి కూతురిని చేసుకున్నారు. ఆ పెళ్లికి కట్టిన ఎర్ర ద్వారం ఇప్పటికీ టోక్యో విశ్వవిద్యాలయంలో ఉంది. అల్లుడైనా రాకపోకల బెడద తప్పలేదు.

మా ఊరు కనజావా నుంచి ఎదోకు 480 కిలోమీటర్లు, పన్నెండు పదమూడు రోజులు. వెంట వేల మంది. ఊళ్లో నడిచేటప్పుడు అడుగులో అడుగు, బల్లేలు నిటారుగా. ఊరు దాటామా, ఒకటే పరుగు! ఒక్క రోజు ఆలస్యమైతే అంతమందికీ బస, భోజనం ఎవరిస్తారు? ఖజానా గుల్ల చేయడమే షోగున్ ఎత్తుగడ అంటారు కొందరు. ఎత్తుగడో కాదో గానీ గుల్ల కావడం నిజం. ఒయషిరజు దగ్గర కొండ నిలువుగా సముద్రంలోకి దిగుతుంది. అల వెనక్కి తగ్గిన సందులో నన్నెత్తుకుని ఉరికేవారు బోయీలు. ఉసుయి తనిఖీ ద్వారం దగ్గర ఇంకో భయం. ఎదోకు పోయే తుపాకులనూ, ఎదో విడిచిపోయే ఆడవాళ్లనూ గుచ్చి గుచ్చి చూసేవారు.

సొంతూళ్లో దొరగారికి తోట మీదే ధ్యాస. కెన్రోకుఎన్‌లో కసుమిగఇకె చెరువును పెద్దది చేయించారు. ఆ గట్టు మీద ఆయన నడిచే తిరిగేవారు. అక్కడ నాతో పనిలేదు, నాకు కాస్త చిన్నతనంగానే ఉండేది.

1862లో కట్టడి సడలింది. 1871లో సంస్థానాలే రద్దయ్యాయి. షోగున్ల పాలన పోయాక వచ్చిన కొత్త ప్రభుత్వం మాజీ దొరలను టోక్యోలో కాపురం పెట్టమంది. ఎదోకే పేరు మార్చారు లెండి. అప్పటికి గద్దె మీదున్న కొడుకుగారు కనజావా విడిచారు. బోయీలు వేరే పనులు వెతుక్కున్నారు.