సటీక భూతవాక్యం

మూలం: "వర్మ ఐడియా అదిరింది గానీ, సినిమా బెదిరించలేదురా!"

అవతారిక: రాంగోపాల్ వర్మ 'అడవి' (2009) చూసి హాలు మెట్లు దిగిన ప్రేక్షకుడొకడు, పార్కింగులో బండి తీస్తున్న మిత్రునితో ఇట్లనుచున్నాడు.

ప్రతిపదార్థం: వర్మ = 'శివ' (1989)లో సైకిలు చెయిను తెంపించినవాని యొక్క; ఐడియా = ప్రెస్‌మీట్‌లోనే పూర్తయిపోయిన కథ; అదిరింది = వినగానే వెన్ను జలదరింపజేసెను; గానీ = అయినప్పటికిని; సినిమా = అటుపిమ్మట తీసినది; బెదిరించలేదు = చేతిలోని పాప్‌కార్న్ ఒక్క గింజయు ఒలకనీయలేదు; రా = ఓ మిత్రుడా (రెండు టికెట్లూ తానే కొన్నాడని ధ్వని).

తాత్పర్యం: షూటింగుకని అడవికి పోయిన యూనిట్‌ను ఏదో ఒకటి వరసగా చంపుతూ వస్తుంది. అదేమిటో చివరిదాకా చూపరు. ఇంతకన్నా మంచి ఊహ ఉంటుందా? అయితే చూపనిదానికీ ఒక నడక, ఒక ఎత్తు, ఒక ఆకలి ఉండాలి. అవి దర్శకుడికి తెలిసి మనకు తెలియకపోతే భయం. ఆయనకూ తెలియకపోతే మిగిలేది చెట్ల మధ్య తిరిగే కెమెరా.

పూర్వపక్షం: అసలీయనకు తీయడమే రాదందురు కొందరు. ఆ మాట నిలవదు. 'రాత్రి' (1992)లో కనబడనిది నేలబారుగా రేవతి వెంట పడుతుంది. అదెంత ఎత్తున ఉందో మన మోకాళ్లకు తెలిసిపోతుంది. 'భూత్' (2003) ఊహ మరీ పేదది: చవగ్గా దొరికిన ఫ్లాటు, అందులో అంతకుముందున్నావిడ చావు, ఆ సంగతి భార్యకు చెప్పని భర్త. అంతే. పాటలైనా లేవు. గొప్పగా చెప్పుకోడానికేమీ లేదు గనుకనే లిఫ్టునీ, వాచ్‌మన్‌నీ, ఊర్మిళ కళ్లనీ ఓపిగ్గా పట్టుకున్నాడు. ఊహ చిన్నదయ్యేకొద్దీ వర్మ పనితనం పెరుగుతుందని ఈ వ్యాఖ్యాత మతం. పెద్దదైతే, నలుగురికీ చెప్పేసిన సంతోషంలోనే సగం పని అయిపోయిందనుకుంటాడు.

శంక: 'ఫూంక్' (2008)ను హాల్లో ఒంటరిగా చూసినవారికి 5 లక్షలిస్తానన్నాడు గదా, అది ఏ కోవలోకి వచ్చును?

సమాధానం: ఖాళీ హాలు, ఒకే ఒక్క మనిషి, వెనక వరసలన్నీ చీకటి. తీయవలసిన కథ అదే. దాన్ని ప్రకటనకు వాడేసి, కాకి ఉన్న చేతబడి కథ ఇంకొకటి తీశాడు.